ఆల్బమ్‌లో మన ఊరెక్కడ?

మన ఇళ్ళల్లో ఆల్బమ్ అనగానే పెళ్ళి ఆల్బమే గుర్తుకొస్తుంది. వచ్చిన చుట్టానికి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, ఆల్బమ్ ఒళ్ళో పెట్టేస్తాం. పాపం, కాఫీ వచ్చేదాకా ఆయన ఎవరెవరివో పట్టుచీరలు చూస్తూ కూచోవాలి. ఐతే ఇంకో రకం ఆల్బమ్ కూడా వుంది. అందులో చుట్టాలుండరు, దేశాలుంటాయి. అదే తపాలా బిళ్ళల ఆల్బమ్. "ఆ, అదేదో పిల్లల ఆట, కాకపోతే రిటైరైన మగవాళ్ళ కాలక్షేపం" అని తీసిపారెయ్యకండి. దాని చరిత్ర మొదట్లోనే ఒక ఆడపిల్ల కనిపిస్తుంది.

మొట్టమొదటి తపాలా బిళ్ళ ఇంగ్లండులో 1840 మే నెలలో పుట్టింది. నల్లటి బిళ్ళ, దానిమీద విక్టోరియా రాణి తల, ఖరీదు ఒక పెన్నీ. ఆ తర్వాత ఎంతోకాలం గడవకుండానే లండన్ టైమ్స్ పత్రికలో ఒక యువతి ప్రకటన వేయించింది. వాడేసిన తపాలా బిళ్ళలతో తన అలంకరణ గది గోడలు నింపాలని ఆమె ముచ్చట. స్నేహితుల సాయంతో అప్పటికే 16 వేలు పోగయ్యాయట. ఇంకా కావాలి, దయగలవారు పంపండి అని ఆ ప్రకటన సారాంశం. ఊళ్ళో వాళ్ళు నవ్వుకునే వుంటారు. కానీ ఒక రకంగా చూస్తే ఆ గోడే తొలి ఆల్బమ్ కదూ!

పుస్తకంగా అచ్చయిన ఆల్బమ్ 1862లో పారిస్‌లో వచ్చింది. వేసినవాడు జస్టిన్ లాలియే. దేశదేశానికీ చోటు, బిళ్ళబిళ్ళకీ ఒక గడి. చూడ్డానికి ముచ్చటగానే వుంది గానీ గడులు మరీ ఇరుకు. బిళ్ళ పట్టకపోతే ఏం చెయ్యాలి? జనం కత్తెర తీసుకుని బిళ్ళ అంచులు కత్తిరించేశారు. గాజు ఎక్కలేదని చెయ్యి చెక్కుకున్నట్టు! పైగా వెనకాల జిగురు రాసి కాగితానికి గట్టిగా అంటించేశారు. అలా ఆనాటి మేలైన బిళ్ళలెన్నో పాడైపోయాయి. అంచులు నిండుగా వున్న బిళ్ళకున్న విలువ కత్తిరించిన దానికి ఎప్పటికీ రాదు. ఆల్బమ్ వున్నది బిళ్ళకోసమా, బిళ్ళ వున్నది ఆల్బమ్ కోసమా అన్న తగువు ఆనాడే మొదలైందన్నమాట.

ఆ రోజుల్లోనే ఎడిలైడ్ లూసీ ఫెంటన్ అనే ఆవిడ తపాలా బిళ్ళల మీద పత్రికల్లో వ్యాసాలు రాసేది. ఐతే సొంత పేరుతో కాదు, హెర్బర్ట్ కమోన్స్ అనే మగపేరుతో. మనదగ్గర మగవాళ్ళు ఆడపేర్లతో నవలలు రాసిన కాలం వుంది. అక్కడ వ్యవహారం తిరగబడిందన్నమాట! 1869లో లండన్‌లో బిళ్ళలు సేకరించేవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు.

సరిగ్గా ఆ 1869లోనే మన హైదరాబాదు సంస్థానం సొంత తపాలా బిళ్ళ వేసుకుంది. దాని వెల ఒక అణా. 1871లో మొదలైన వరసలో ఐతే వెలను నాలుగు భాషల్లో అచ్చేశారు. నడుమ పారశీక లిపి, చుట్టూ ఇంగ్లీషు, మరాఠీ, తెలుగు. దర్బారు భాష పారశీకమై వున్న ఆ కాలంలో అంగుళమైనా లేని కాగితం ముక్క మీద మన తెలుగక్షరాలు చోటు సంపాదించుకున్నాయి. భూతద్దం పెట్టుకుని చూసినప్పుడు నాకు భలే సంబరమేసింది.

1931లో వచ్చిన వరస ఇంకా అందమైంది. అణా బిళ్ళ మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల వాకిలి, పన్నెండణాల మీద బీదరు మదర్సా, రూపాయి మీద దౌలతాబాదు మీనారు. ఈ ఆరింటినీ ఒక వరసలో పెట్టి చూడండి. ఇప్పుడు అజంతా, దౌలతాబాదు మహారాష్ట్రలో వున్నాయి, బీదరు కర్ణాటకలో వుంది, తక్కినవి తెలంగాణలో వున్నాయి. నేల మీద ముక్కలైన సంస్థానం ఆల్బమ్ పేజీలో మాత్రం ఇంకా ఒక్కటిగానే వుంది. 1950 ఏప్రిల్ 1న ఆ తపాలా శాఖ భారత తపాలాలో కలిసిపోయింది. ఇలా బిళ్ళలు వెయ్యడం మానేసిన రాజ్యాలను సేకరించేవాళ్ళు చనిపోయిన దేశాలంటారు. వినడానికి కాస్త కటువుగానే వుంటుంది.

ఇదంతా నేనెందుకు తెలుసుకోవలసి వచ్చిందో చెప్తాను. మా అమ్మమ్మగారి ఊరు తిమ్మాజిపేట. ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లా, 2016కి ముందు మహబూబ్‌నగర్ జిల్లా. అమ్మమ్మ పోయాక ఆవిడ రేకుపెట్టెలో పసుపు బట్టలో చుట్టిన ఉత్తరాల కట్ట దొరికింది. హైదరాబాదులో గుమాస్తాగా వున్న రోజుల్లో తాతయ్య రాసినవి. కవరు మీద చిరునామా ఉర్దూలో, లోపల ఉత్తరం తెలుగులో. మూలన చార్మినార్ బిళ్ళ, దానిమీద తపాలా ముద్ర. ఆ బిళ్ళ సంస్థానం లోపలే చెల్లేది. తుంగభద్ర దాటితే కర్నూలు, అది మద్రాసు రాష్ట్రం. అక్కడున్న చుట్టాలకు ఉత్తరం రాయాలంటే బ్రిటిషిండియా బిళ్ళ కావాలి. ఏటి కవతల ఒడ్డు పరదేశం!

మా అన్నయ్య కొడుక్కి పన్నెండేళ్ళు. వాడి పుట్టినరోజుకి ఎవరో ప్రపంచ దేశాల ఆల్బమ్ బహుమతి ఇచ్చారు. చేతికి బరువైన పుస్తకం. దాంట్లో హైదరాబాదుకీ ఒక పేజీ వుంది, గడులన్నీ ఖాళీ. కట్ట సంగతి వాడి చెవిన పడింది. ఇంకేం, గిన్నెలో నీళ్ళు పట్టుకుని తయారు.

"అత్తా, కవర్లు నీళ్ళల్ల నానేస్తే బిళ్ళలు ఊడొస్తయ్. నా పేజీ నిండిపోతది!"

"నిండుతది సరే నాన్నా. మరి ఉత్తరం సంగతి?"

"ఉత్తరం లోపలుంటది గదా అత్తా, అదేం గాదు."

వాణ్ణి తప్పుపట్టలేం. అచ్చు ఆల్బమ్ గుణమే అది. ఖాళీ గడి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. గిన్నె పక్కన పెట్టించి ఒక ఉత్తరం వాడిచేత చదివించాను. "నేను క్షేమం. భయపడవద్దు. పిల్లను బయటికి పంపకు." ఇంతే. లోపల తేదీ లేదు. తేదీ వున్నది బిళ్ళ మీది ముద్రలోనే. అది 1948 సెప్టెంబరు, పోలీసు చర్య ముగిసిన కొద్దిరోజులకు. బిళ్ళ ఊడదీస్తే ఆ ముద్ర సగం కవరు మీద, సగం ఆల్బమ్‌లో వుంటుంది. ఆ నాలుగు మాటలు ఏనాటివో ఇక ఎవరూ చెప్పలేరు. "పిల్ల" అంటే మా పెద్దమ్మ. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే నీళ్ళు పారబోసి వచ్చాడు.

ఇక ఇంట్లో చర్చ ఏ ఆల్బమ్ కొనాలన్న దగ్గరికి వచ్చింది. మీ పిల్లలకు పనికొస్తుందని చెప్తున్నాను, వినండి.

అచ్చు గడుల ఆల్బమ్ చిన్నవాళ్ళకు మంచి గురువు. ఏ దేశం ఎక్కడుందో, ఏది పేరు మార్చుకుందో, ఏది మాయమైందో భూగోళం పంతులుకన్నా చక్కగా చెప్తుంది. కానీ ప్రపంచంలోని బిళ్ళలన్నీ కొనాలంటే కుబేరుడి తరం కూడా కాదు. ఏటేటా దేశదేశానా కొత్తవి వస్తూనే వుంటాయి, కుట్టిన పుస్తకం పెరగదు. అంచేత కొనేటప్పుడే పేజీలు విడదీసి చేర్చుకునే రకం కొనాలి. రెండోది వరస జేబుల పుస్తకం. నల్లటి పేజీ మీద సన్నటి పారదర్శక పట్టీలుంటాయి, బిళ్ళను అందులో దూర్చడమే. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ మార్చుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇదే మేలు. మూడోది ఖాళీ పేజీల ఆల్బమ్. గడులు మనమే గీసుకోవాలి, పేర్లు మనమే రాసుకోవాలి.

ఏదైనా సరే, గోందు, సెలోటేపు దగ్గరికి రానీకండి. బిళ్ళను చేత్తో కాదు, చిన్న పటకారుతో పట్టుకోవాలి. చౌకరకం మెత్తటి ప్లాస్టిక్ జేబుల్ని అసలు నమ్మొద్దు. మా అన్నయ్య చిన్నప్పటి ఆల్బమ్ అలాంటిదే. ఇరవై ఏళ్ళ తర్వాత తెరిస్తే ఘాటైన వాసన, బిళ్ళలన్నీ ప్లాస్టిక్‌కి కరుచుకుపోయి వున్నాయి. పీవీసీని మెత్తబరచడానికి కలిపే రసాయనం మెల్లగా బయటికొచ్చి కాగితాన్నీ రంగునీ తినేస్తుంది. ఆల్బమ్‌ల మీద ఆల్బమ్‌లు పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టాలి. వానాకాలంలో గోడకు ఆనించకూడదు. ఎండపొడ తగలకూడదు గానీ అప్పుడప్పుడు తెరిచి గాలి తగలనివ్వాలి.

మా ఇంట్లో చివరికి రెండు ఆల్బమ్‌లయ్యాయి. ప్రపంచం వాడిది. హైదరాబాదు పేజీలోకి వాడికో విడి చార్మినార్ బిళ్ళ దుకాణంలో కొనిపెట్టాను. తాతయ్య కవర్లకు పెద్ద జేబులున్న ఖాళీ పేజీల ఆల్బమ్ తెచ్చాం, ఏ కవరూ విప్పకుండా అలాగే పెట్టాం. లోపలి ఉత్తరాలు మాత్రం అమ్మ తన దగ్గరే వుంచుకుంది. "మొగుడు పెండ్లానికి రాసుకున్నవి, ఊరందరికీ ఎందుకు?" అంది. న్యాయమే కదా.

వాడి పెద్ద ఆల్బమ్ తిరగేస్తూ ఇంకో సంగతి కూడా గమనించాను. రాజులు, రాణులు, విమానాలు, చేపలు అన్నీ వున్నాయి. మన ఆడవాళ్ళను మాత్రం వెతుక్కోవాలి. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడికి 1964లో బిళ్ళ వచ్చింది, దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కి 1982లో. వీళ్ళందరినీ ఒకచోట చేర్చే పేజీ ఎవరూ అచ్చేసి ఇవ్వరు, మనమే గీసుకోవాలి.

మీ ఇంట్లో కూడా ఏ అటక మీదో, ఏ పెట్టె అడుగునో ఇలాంటి కట్ట వుండే వుంటుంది. కత్తెర, నీళ్ళగిన్నె దూరంగా పెట్టి, మెల్లగా విప్పండి. ఒక్కొక్క కవరుకూ పక్కన చిన్న కాగితం పెట్టి ఎవరు రాశారు, ఎవరికి రాశారు, అప్పుడు ఏ ఊళ్ళో వున్నారు, ఈ మూడు ముక్కలూ రాయండి. తెలిసినవాళ్ళు బతికుండగానే అడిగి రాయండి. పెన్నుతో వద్దు, సిరా పాకుతుంది. పెన్సిలుతో చాలు.