పలకరాతిపై విద్యుత్తు లెక్క

మార్కాపురము పేరు వినగానే తెలుగువారికి బడిపలక జ్ఞప్తికి వచ్చును. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లానుండి ఇందులో చేరిన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల భూమిలో పలకరాయి పొరలు పొరలుగా పరచుకొని యున్నది. తరతరముల పిల్లలు ఆ రాతిమీదనే అక్షరములు దిద్దిరి, కూడికలు తీసివేతలు నేర్చిరి. ఈ జాతి రాయికి మరియొక లెక్కతో కూడ సంబంధము కలదు. విద్యుద్దీపములు కొత్తగా వచ్చిన దినములలో, ఓడలయందు ఎంత కరెంటు ఖర్చగుచున్నదో చూపు మీటర్లను తరచుగా పలకరాతి బల్లలపైననే బిగించెడివారు.

నేలమీద ఒక ఇంటిలో కరెంటు ఎక్కువగా వాడినచో బిల్లు పెరుగును. అంతకు మించిన ఆపద లేదు. పడవ సంగతి వేరు. ఒడ్డు విడిచిన తరువాత దానికి తీగలు లేవు. బ్యాటరీలో నింపుకొని పోయినదే దాని ఆస్తి. ఎంత తెచ్చితిమి, ఎంత ఖర్చయినది, ఎంత మిగిలినది అను మూడు ప్రశ్నలకు జవాబు తెలియనివాడు నడినీట చిక్కుకొనును. ఈ మూడు ప్రశ్నలకు మానవుడు ఎట్లు జవాబులు కనుగొనెనో తెలుపునదే ఈ చరిత్ర.

రాయిలోని గుణము

పలకరాయి మొదట బురద. కడప శిలలుగా భూగర్భశాస్త్రజ్ఞులు పిలుచు ప్రాచీన శిలాసముదాయములో మార్కాపురపు పలకరాయి చేరియున్నది. నూరు కోట్ల సంవత్సరములకు పూర్వమే నీటి అడుగున పేరుకొనిన సన్నని మట్టి గట్టిపడి, భూమి లోపలి ఒత్తిడికి, వేడికి లోనయి పలకరాయిగా మారినది. ఒత్తిడివలన అందలి అభ్రకమువంటి రేకు ఖనిజములు ఒకే వైపునకు తిరిగి అమరినవి. అందుచేతనే ఉలితో కొట్టినప్పుడు ఈ రాయి చదునైన రేకులుగా విడిపోవును.

బడిపలకకు పనికివచ్చిన ఈ గుణమే విద్యుత్ స్విచ్ బోర్డుకును పనికివచ్చినది. పలకరాయి చదునుగా చీలును. రంధ్రములు చేయుటకు వీలైనంత మెత్తన. చెక్కవలె అంటుకొనదు, వంకర పోదు. పైగా విద్యుత్తును సులభముగా ప్రసరింపనీయదు. స్విచ్చి తీయునప్పుడు నిప్పురవ్వలు రాలినను రాతికి నష్టము లేదు. కావున పాశ్చాత్య దేశములలో స్విచ్ బోర్డులకు పలకరాతిని, చలువరాతిని విరివిగా వాడిరి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున మాన్‌సన్ గనుల రాయి ఈ పనికి పేరుపొందినది.

అయితే ప్రతి పలకరాయియు ఇందుకు తగదు. కొన్ని రాళ్లలో ఇనుప ఖనిజముల సన్నని చారలుండును. అవి కరెంటుకు దొంగదారులు. రాయి తేమ పీల్చినను అదే ప్రమాదము. ఓడలో ఉప్పుగాలి ఎప్పుడును ఉండునుగదా! అందుచేత రాతిని ముందుగా ఆరబెట్టి, వార్నిషుగాని ఎనామెలుగాని పూసి, ఎక్కువ వోల్టేజితో పరీక్షించి వాడెడివారు. తరువాతి కాలమున బేకలైటు, ఉక్కు పెట్టెలు వచ్చి పలకరాతి బల్లలను తొలగించినవి.

తూచి చూచిన కాలము

విద్యుత్తుతో పడవ నడపవచ్చునని మొదట చూపినవారిలో మోరిట్జ్ జాకోబీ ముఖ్యుడు. 1838లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమువద్ద నీవా నదిపై ఆయన కొందరు ప్రయాణికులతో విద్యుత్పడవను నడిపెను. ఆనాటికి డైనమోలు లేవు, మరల నింపుకొనదగిన బ్యాటరీలు లేవు. ఘటములలో జింకు కరగినకొలది కరెంటు పుట్టెడిది. అనగా ఆ పడవకు ఇంధనము జింకే.

కరగిన లోహమునకు, ప్రవహించిన విద్యుత్తునకు ఖచ్చితమైన నిష్పత్తి కలదని ఫారడే 1830-40 మధ్యనే నిరూపించియుండెను. ఒక ఆంపియరు ప్రవాహము ఒక గంటసేపు సాగినచో సుమారు 1.22 గ్రాముల జింకు కరగును. కావున త్రాసు చేతనున్న వానికి విద్యుత్తు లెక్క తెలియును. ఎడిసన్ తన మొదటి మీటరులో ఈ సూత్రమునే వాడెను. వినియోగదారుని కరెంటులో స్వల్పభాగమును జింకు పలకలున్న సీసాగుండా పోనిచ్చి, నెలకొకసారి ఆ పలకలను తీసి తూచి, బిల్లు వేసెడివారు. చలికాలమున సీసాలోని ద్రవము గడ్డకట్టకుండ పక్కన ఒక దీపము కూడ పెట్టవలసివచ్చెను.

ఈ పద్ధతి ఇంటికి సరిపోయినది, పడవకు సరిపోదు. నెల గడచిన తరువాత తెలిసిన లెక్క, నది మధ్యనున్న వానికి ఏమి ప్రయోజనము?

కంటితో చూచిన ఓడ

1880లో అమెరికాలో కొలంబియా అను ఓడలో ఎడిసన్ తన విద్యుద్దీపములను అమర్చెను. ఆయన ప్రయోగశాల వెలుపల ఈ దీపములు వ్యాపార రీత్యా వెలిగిన మొదటి స్థలము ఆ ఓడయే. ఓడ యజమానియే ఈ ఏర్పాటు కోరెను. ఆ ఓడ దక్షిణ అమెరికాను చుట్టి పసిఫిక్ తీరమునకు క్షేమముగా చేరినది.

అందులో తగిన కొలత సాధనములు లేవు. ఇంజను గదిలోని దీపముల కాంతిని కంటితో చూచి, అది ఎక్కువైనదో తక్కువైనదో పనివారు ఊహించవలసివచ్చెడిది. కన్ను మంచి సాధనమే కాని, నమ్మదగిన సాధనము కాదు. చీకటికి అలవాటుపడిన కంటికి మందమైన దీపము కూడ ప్రకాశవంతముగనే తోచును.

థేమ్స్ నదిపై లెక్క

1881లో పారిస్ నగరమున అంతర్జాతీయ విద్యుత్ సభ జరిగెను. వోల్టు, ఓము, ఆంపియరు, కూలుము, ఫారడు అను ప్రమాణములను ఆ సభ అంగీకరించినది. అంతకుముందు ఒక్కొక్క దేశమున ఒక్కొక్క విధముగా కొలిచెడివారు. ప్రమాణము లేనిదే కొలత లేదు. కొలత లేనిదే లెక్క లేదు.

మరుసటి సంవత్సరము, 1882 సెప్టెంబరు 28న, లండనులో 'ఎలక్ట్రిసిటీ' అను చిన్న ఇనుప పడవ థేమ్స్ నదిపై మిల్‌వాల్ నుండి లండన్ బ్రిడ్జి వరకు వెళ్లి తిరిగివచ్చినది. పొడవు సుమారు 26 అడుగులు. అందులో 45 సంచయ ఘటములు, అనగా మరల నింపుకొనదగిన బ్యాటరీలు, రెండు సీమెన్స్ యంత్రములు ఉండెను. భౌతికశాస్త్రాచార్యుడు సిల్వానస్ థాంప్సన్ ఆ పడవలో ప్రయాణముచేసి, అంకెలను లోకమునకు తెలిపెను. పీడనము 96 వోల్టులు. ప్రవాహము 24 ఆంపియర్లు.

ఈ రెండంకెలనుండి విద్యార్థులు మిగిలినదంతయు స్వయముగా రాబట్టవచ్చును. వోల్టులను ఆంపియర్లతో గుణించినచో 2,304 వాట్లు. ఒక అశ్వసామర్థ్యము 746 వాట్లు గనుక, ఖర్చు సుమారు 3.09 అశ్వసామర్థ్యములు. ఆ బ్యాటరీలు నాలుగు అశ్వసామర్థ్యముల చొప్పున ఆరు గంటలపాటు పనిచేయగలవని లెక్కకట్టిరి. అనగా నిలువ 24 అశ్వసామర్థ్య-గంటలు. దానిని 3.09తో భాగించినచో, పడవ అదే తీరున సుమారు ఏడు గంటల ముప్పాతిక నడువగలదని తేలును. తెచ్చినదెంత, ఖర్చెంత, మిగులెంత అను మూడు ప్రశ్నలకు ఇచట ఒకేసారి జవాబు దొరికినది.

'వాట్' అను పేరు అప్పటికి నెలరోజుల బిడ్డ. 1882 ఆగస్టులో విలియం సీమెన్స్ దానిని ప్రతిపాదించెను. 1889 పారిస్ సభలో గాని అది అంగీకరింపబడలేదు. అందుచేతనే ఆ పడవ ఖర్చును గుఱ్ఱముల బలముతో చెప్పిరి.

ఊగు ఓడలో నిలుచు ముల్లు

ప్రయోగశాలలోని గాల్వనోమీటరు ఓడలో పనిచేయదు. దానిలో సన్నని దారమునకు వ్రేలాడు అయస్కాంతము ఓడతోపాటు ఊగును. ఓడ శరీరమంతయు ఇనుమగుటచే, అది ఆ అయస్కాంతమును తనవైపునకు లాగును. అట్లాంటిక్ సముద్రములో తంతితీగ వేసిన కాలమున విలియం థాంప్సన్, అనగా తరువాత కెల్విన్ ప్రభువుగా పేరుపొందిన శాస్త్రజ్ఞుడు, ఈ చిక్కును తీర్చెను. దారమును పైన క్రింద రెండుచోట్లను బిగించి, పరికరమును మందమైన ఇనుప తొడుగులో ఉంచెను.

తరువాత ఎడ్వర్డ్ వెస్టన్ 1888 నాటికి సులభమైన మీటర్లను తయారుచేసెను. బలమైన శాశ్వత అయస్కాంతపు కొమ్ముల నడుమ తేలికైన తీగచుట్ట తిరుగును. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు లాగును. కరెంటు ఎంతయో ముల్లు అంత కదలును. స్ప్రింగు పట్టియుంచుటచే ఓడ ఊగినను ముల్లు తడబడదు. ఇట్టి మీటర్లు పలకరాతి బల్లలపైకెక్కి, ఓడ ఇంజనీరునకు కళ్లైనవి.

పెద్ద కరెంటునంతను మీటరుగుండా పంపిన తీగచుట్ట కాలిపోవును. కాబట్టి దారిలో ఒక లోహపు పట్టీని పెట్టుదురు. దీనిని షంటు అందురు. పట్టీ నిరోధము ఓములో వెయ్యవ వంతు అనుకొందము. 24 ఆంపియర్లు పోవునప్పుడు దాని రెండు కొనల మధ్య 24 మిల్లీవోల్టుల భేదము ఏర్పడును. మీటరు ఆ స్వల్పభేదమును కొలిచి ఆంపియర్లుగా చూపును. పట్టీ వేడెక్కినను నిరోధము మారకూడదు. అందుకు రాగి, మాంగనీసు, నికెలు కలిసిన మాంగనిన్ అను మిశ్రలోహము తగినది. దీనిని కనుగొనినవాడును వెస్టనే.

ఎంత మిగిలినది?

ఇప్పుడెంత ఖర్చగుచున్నదో తెలిసినది. ఎంత మిగిలినదో తెలియుట కష్టతరము. బ్యాటరీ నీటికుండ కాదు. కుండలోని నీటిని మెల్లగా వంచినను వేగముగా వంచినను అంతే నీరు వచ్చును. సీసపు బ్యాటరీ అట్లు కాదు. తొందరపెట్టినకొలది అది తక్కువ ఇచ్చును. ఈ సంగతిని జర్మను శాస్త్రజ్ఞుడు పాయికెర్ట్ 1897లో సూత్రముగా చెప్పెను. ఇరువది గంటలపాటు 5 ఆంపియర్ల చొప్పున ఇచ్చు బ్యాటరీ, 50 ఆంపియర్ల చొప్పున రెండు గంటలు ఇయ్యదు. పాయికెర్ట్ ఘాతము 1.2 అయిన బ్యాటరీ ఒకటింపావు గంటకే అలసిపోవును.

అందుచేత నావికులు రెండవ సాక్షిని కూడ పిలిచిరి. సీసపు బ్యాటరీ ఖర్చగునప్పుడు అందలి గంధకికామ్లము పలుచబడును. హైడ్రోమీటరుతో ద్రవపు సాంద్రతను చూచిన, మిగిలిన శక్తి తెలియును. మీటరు చెప్పిన లెక్కయు, ద్రవము చెప్పిన లెక్కయు కలిసినప్పుడే నమ్మకము.

విశాఖ తీరమున కురుసుర

ఈ లెక్క ప్రాణముతో సమానమైనది జలాంతర్గామిలో. నావికుల భాషలో జలాంతర్గామి కూడ పడవయే. భారత నౌకాదళపు మొదటి జలాంతర్గామి కల్వరి 1967 డిసెంబరు 8న సేవలో చేరెను. ఐ.ఎన్.ఎస్. కురుసుర 1969 డిసెంబరు 18న చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించినది. 2002లో విశాఖపట్నము సముద్రతీరమున అది ప్రదర్శనశాలగా తెరువబడినది. సుమారు 91 మీటర్ల పొడవుగల ఆ నౌకలోపలికి విద్యార్థులు పోయి చూడవచ్చును.

కురుసుర వంటి నౌకలో డీజిలు ఇంజనులకు గాలి కావలెను. నీటి లోతున గాలి లేదు. కావున అచట బ్యాటరీయే ఆధారము. చోదనమునకు, దీపములకు, పంపులకు, వంటకు, అన్నిటికిని అదే బొక్కసము. బ్యాటరీ అడుగంటినచో నౌక పైకి తేలి తీరవలెను; యుద్ధకాలమున శత్రువు పైన కాచియుండును.

ఇచట వేగమే పెద్ద ఖర్చు. నీటిలో పోవు నౌకకు కావలసిన సామర్థ్యము, స్థూలముగా, వేగపు ఘనమునకు అనుపాతముగా పెరుగును. వేగము సగము చేసిన సామర్థ్యము ఎనిమిదవ వంతు చాలును. అదే దూరము పోవుటకు రెట్టింపు కాలము పట్టును గనుక, మొత్తము శక్తి నాలుగవ వంతు మాత్రమే ఖర్చగును. త్వరపడినవాడు త్వరగా అడుగంటును. నిదానించినవాడు దూరము పోవును. అమ్మీటరు ముల్లు చూచుచు వేగమును నిర్ణయించుట నావికునకు యుద్ధవిద్యలో భాగము.

నేటి పడవలు

నేడు సౌరఫలకములతో, లిథియం బ్యాటరీలతో పడవలు నడుచుచున్నవి. షంటు పట్టీ మాత్రము అట్లే యున్నది. దానిపై మిల్లీవోల్టులను ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరము ప్రతిక్షణమును చదివి, లోపలికి వచ్చిన కూలుములను కూడుచు, బయటికి పోయినవానిని తీసివేయుచు, మిగులు చూపును. కొన్ని లిథియం బ్యాటరీలలో చాలవరకు ఖర్చయినదాక వోల్టేజి అంతగా తగ్గదు. కాబట్టి వోల్టుమీటరు ఒక్కదానిని నమ్మినవాడు మోసపోవును. ఈ పరికరమునకును లోపము లేకపోలేదు. ప్రతి చదువులోని అణుమాత్రపు తప్పు రోజులకొలది కూడుకొనుచు పెద్దదగును. బ్యాటరీ పూర్తిగా నిండినప్పుడెల్ల లెక్కను మరల మొదటినుండి సరిచేసికొనవలెను.

దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒక బ్యాటరీకి చిన్న దీపమును, అమ్మీటరును వరుసలో కలిపి, పది నిమిషముల కొకసారి ఆంపియర్లు వ్రాయించి, ఒక్కొక్కదానిని గంటలో ఆరవ వంతుతో గుణించి కూడించినచో ఆంపియర్-గంటలు వచ్చును. ఆ కూడిక పలకమీద చేసినను చాలును. లోతునీటిలో జలాంతర్గామి చేయు లెక్కయు, బడిలో పిల్లవాడు చేయు లెక్కయు ఒక్కటే: వచ్చినది కూడవలెను, పోయినది తీసివేయవలెను, మధ్యమధ్య సరిచూచుకొనవలెను.