బీప్ నుంచి ఘంటసాల దాకా

ఎచ్చెర్ల పేరు చెప్పగానే సిక్కోలు వాళ్లకి చదువులే గుర్తొస్తాయి. హైవే పక్కన అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ఎస్.ఎం. పురంలో ట్రిపుల్ ఐటీ, చిలకపాలెంలో ఇంజినీరింగ్ కాలేజీ. ఇన్ని హాస్టళ్లుంటే లాప్‌టాప్‌లకేం కొదవ? రాత్రి భోజనాలయ్యాక పాటలు మొదలవుతాయి. లాప్‌టాప్ అడుగున ఉండే స్పీకర్లలో ఘంటసాల పాడినా ముక్కుతో పాడినట్టే ఉంటుంది. దాంతో గుంటలు శ్రీకాకుళం వెళ్లి చవకలో ఓ జత కొనుక్కొస్తారు. వాటిలో సగానికి సగం దడదడలాడతాయే గానీ పాడవు. పాట కోసం పుట్టని కంప్యూటర్ చేత పాడించబోతే అంతే మరి.

స్పీకర్ మాత్రం కంప్యూటర్ కన్నా చాలా పెద్దది వయసులో. అయస్కాంతం నడుమ తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు శంకువు: ఈ పద్ధతికి ఒక స్థిరమైన రూపం ఇచ్చినవాళ్లు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్. అది 1925. వందేళ్లయినా మూలసూత్రం మారలేదు.

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీలోనూ ఓ స్పీకర్ ఉంది, రెండుంపావు అంగుళాలది. యంత్రం లేచిందనో, ఏదో తేడా చేసిందనో ‘బీప్’ మని చెప్పడం దాని ఉద్యోగం. దానికి అందేవి రెండే ఆజ్ఞలు: కరెంటు ఉంది, కరెంటు లేదు. మధ్యలో హెచ్చుతగ్గుల్లేవు. లెక్కలు రాసుకునే ఆఫీసు యంత్రానికి రాగాలెందుకనుకున్నారు.

రాగాలు ఆటల దారిన వచ్చాయి. 1987లో కెనడా వాళ్ల యాడ్‌లిబ్ సౌండ్ కార్డు, 1989లో సింగపూర్‌కి చెందిన సిమ్ వాంగ్ హూ కంపెనీ క్రియేటివ్ తెచ్చిన సౌండ్ బ్లాస్టర్, రెండూ కంప్యూటర్ గేముల పుణ్యాన అమ్ముడుపోయినవే. సౌండ్ బ్లాస్టర్ మీదే చిన్న యాంప్లిఫయర్ ఉండేది కాబట్టి ఉత్త డబ్బా స్పీకర్లు తగిలించినా మోగేవి. తర్వాత్తర్వాత యాంప్లిఫయర్ కార్డు మీంచి స్పీకర్ పెట్టెలోకి మారింది. ఇప్పటి స్పీకర్లకి విడిగా ప్లగ్గో, యూఎస్‌బీ వైరో ఉండేది అందుకే.

1990ల చివర ఎంపీ3లు, విన్‌యాంప్ వచ్చి ఒక్క సీడీలో వందకు పైగా పాటలు పట్టించేశాయి. మన దేశంలో అప్పుడే ఢిల్లీలో ఇంటెక్స్ (1996), చెన్నైలో జెబ్రానిక్స్ (1997) మొదలయ్యాయి. విడిభాగాలు కొని బిగించుకునే అసెంబుల్డ్ పీసీల కాలమది. ఆ రోజుల స్పీకర్లని అప్పటి పిక్చర్ ట్యూబ్ మానిటర్‌కి దగ్గరగా జరిపితే తెర మూల ఊదారంగుకి తిరిగేది, అయస్కాంతం మహిమ. ఫోన్ మోగడానికి ఒక్క క్షణం ముందు స్పీకర్లోంచి ‘డిడిక్ డిడిక్’ మని వినిపించేది. ఫోన్ ఎవరిదో చూడకుండానే ఇంటిల్లిపాదీ జేబులు తడుముకునేవాళ్లు.

అట్టపెట్టెల మీద వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు అని పెద్దక్షరాల్లో అచ్చేసే అలవాటూ అప్పటిదే. పక్కన చిన్నగా పీఎంపీవో అని ఉండేది. దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు, కంపెనీ ఎంతంటే అంత. నిలకడగా ఇచ్చే శక్తిని ఆర్‌ఎంఎస్ వాట్లలో రాస్తారు, చూడాల్సింది అది. అది కూడా నమ్మబుద్ధి కాకపోతే అడాప్టర్ తిప్పి చూడండి. దాని మీద రాసిన వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వచ్చే వాట్లకి మించి ఏ స్పీకరూ నిలకడగా మోగలేదు. మామూలు యూఎస్‌బీ మీద నడిచేదైతే అయిదు వోల్టులు, అర ఆంపియరు, వెరసి రెండున్నర వాట్లు. హాస్టల్ గదికి అదీ చాలు, నిజాయితీగా ఇస్తే.

ఇక ‘టూ పాయింట్ వన్’. కింద ఓ వూఫర్ పెట్టె, పైన అరచేతిలో ఇమిడే రెండు బుల్లి స్పీకర్లు. చవక రకాల్లో ఆ బుల్లివి పై స్థాయిలే పలుకుతాయి, వూఫర్ కింది స్థాయిల్ని ఒకే మోతగా మోస్తుంది, మగగొంతులోని నిండుదనం ఆ రెంటి మధ్య సందులో జారిపోతుంది. సినిమా పాట వినేవాడికి గొంతే పోతే ఇంకేం మిగిలింది? అదే డబ్బుకి వూఫర్ లేని జత, మూడంగుళాలకి తగ్గని శంకువులున్నది, నయమని నా పక్షపాతం.

కొనేముందు దుకాణంలో వాళ్లు పెట్టే డీజే పాట వద్దని చెప్పి, మీ ఫోన్‌లోంచి మీకు కంఠతా వచ్చిన పాట పెట్టించుకోండి. మన వాళ్లకి కొలబద్దల కరువా? విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలలో ఘంటసాల చదివారు, సుశీల చదివారు, ద్వారం వెంకటస్వామినాయుడు పాఠం చెప్పారు. ద్వారం వారి వయొలిన్ గీ పెట్టకుండా, సుశీల ‘స’కారాలు చెవిలో గుచ్చుకోకుండా వస్తే పై స్థాయిలు బాగున్నట్టు. ఘంటసాల గొంతు గుండెలోంచి వస్తే మధ్యస్థాయి ఉన్నట్టు. మన జానపదుల జముకుల కథ రికార్డింగ్ ఉంటే మరీ మంచిది. జముకు తీగ సాగుతూ ఒక్కో దెబ్బా వేరుగా వినపడాలి. అన్నీ కలిసి ‘బుం’ మంటే ఆ పెట్టె అక్కడే వదిలేసి రండి.

ఇంట్లో అటక మీద పాత టేప్ రికార్డర్ ఉండి, దాని వెనక ఆక్స్ రంధ్రాలుంటే అసలు కొనకండి. ఓ కొస ఇయర్‌ఫోన్ పిన్ను, రెండో కొస ఎరుపు, తెలుపు పిన్నులు ఉన్న వైరు ఒక్కటి చాలు. స్పీకర్ల కాగితాన్ని మాత్రం ఎలకలు కొరికాయేమో ముందు చూసుకోండి.