గోడకు ఎంత మందం చాలు? ఉష్ణబంధకం లెక్కకు ఒక చరిత్ర

ఇంటి గోడకు గానీ పైకప్పుకు గానీ ఎంత మందం ఉష్ణబంధకం వేయాలి? వాడుకలో ఇన్సులేషన్ అని పిలిచే థర్మాకోల్, గాజు ఉన్ని, రాతి ఉన్ని పొరల గురించే ఈ ప్రశ్న. ఇది ఇంజనీర్లకు సంబంధించిన విషయం కదా, చరిత్ర పాఠంలో ఎందుకని మీకు సందేహం రావచ్చు. థర్మాకోల్ గుణం 1970లోనూ 1990లోనూ దాదాపు ఒకటే. అయినా ఈ ప్రశ్నకు సరైన జవాబు మాత్రం ఆ ఇరవై ఏళ్లలో ఎన్నో రెట్లు పెరిగింది. ఆ మార్పుకు కారణాలను ఇక్కడ పరిశీలిద్దాం.

ముందుగా లెక్కను అర్థం చేసుకోండి. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉందనుకుందాం. చదరపు మీటరు వైశాల్యంలో 5 సెంటీమీటర్ల థర్మాకోల్ పొరను దాటి పోయే వేడి సుమారు 0.8 వాట్లు. మందం 10 సెంటీమీటర్లయితే 0.4, 15 అయితే 0.27, 20 అయితే 0.2 వాట్లు. మొదట పెంచిన 5 సెంటీమీటర్లు 0.4 వాట్లు ఆదా చేస్తే, చివర పెంచిన 5 సెంటీమీటర్లు 0.07 వాట్లు మాత్రమే ఆదా చేశాయి. కొనడానికి అయ్యే ఖర్చు మాత్రం రెండింటికీ ఒకటే. అర్థశాస్త్రంలో మీరు చదివిన క్షీణ ప్రతిఫలాల సూత్రం ఇదే.

అయితే ఎక్కడ ఆగాలి? ఇటువంటి ప్రశ్నకే 1881లో సర్ విలియం థామ్సన్ జవాబు చెప్పాడు. తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైనది ఈయనే. ఆయన మాట్లాడింది గోడల గురించి కాదు, విద్యుత్తును తీసుకుపోయే రాగి తీగల గురించి. తీగ సన్నగా ఉంటే విద్యుత్తు వృథా, లావుగా ఉంటే రాగికి పెట్టిన డబ్బు దండగ. రాగిపై ఏడాదికయ్యే వడ్డీ, ఏడాదిలో వృథా అయ్యే విద్యుత్తు విలువ సమానమైన చోట ఆగాలని ఆయన తేల్చాడు. రాగికి బదులు థర్మాకోల్‌నూ, విద్యుత్తుకు బదులు ఇంధనాన్నీ పెట్టి చూడండి, లెక్క అలాగే సరిపోతుంది. దాని నుంచి ఇంకొక సంగతి కూడా తేలుతుంది. గోడకు సహజంగా ఉన్న నిరోధాన్ని పక్కన పెడితే, సరైన మందం ఇంధన ధర వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే ధర నాలుగింతలైతే మందం రెండింతలు కావాలి.

సరిగ్గా నాలుగింతలే అయింది. 1973 అక్టోబరులో అరబ్బు–ఇజ్రాయెల్ యుద్ధం మొదలైంది. అరబ్బు దేశాలు చమురు సరఫరాపై ఆంక్షలు విధించాయి. బ్యారెల్ సుమారు 3 డాలర్లున్న చమురు 1974 జనవరి నాటికి 12 డాలర్లకు చేరువైంది. అప్పటికి డెన్మార్క్ తన ఇంధన అవసరాల్లో సుమారు తొమ్మిది వంతులు దిగుమతి చమురుతోనే తీర్చుకునేది. ఆ నవంబరు నుంచి అక్కడ ఆదివారాలు కార్లు నడపడాన్ని నిషేధించారు. పన్నులూ రవాణా ఖర్చులూ కలిసే ఇంటి నూనె బిల్లు అంతగా నాలుగింతలు కాకపోయినా, పాత లెక్క మాత్రం నిలవలేదు.

లెక్క మారినంత తేలికగా గోడ మారదు. చౌక చమురు రోజుల్లో కట్టిన ఇల్లు ఆ రోజుల ధరనే తనలో ఇముడ్చుకుని అరవై డెబ్బై ఏళ్లు నిలబడుతుంది. డెన్మార్క్‌లోని ఎన్నో పాత ఇళ్లకు రెండు వరసల ఇటుక గోడ, మధ్యలో ఖాళీ ఉండేవి. ఆ ఖాళీలోకి ఉన్నిని ఊది నింపారు. సూత్రం ఎంత చెప్పినా, తాపీమేస్త్రి ఎప్పుడో వదిలిన సందు ఎంతుంటే మందం అంతే! గోడ బయట కొత్త పొర వేయాలంటే పరంజా, కూలి, పూత ఖర్చులు తప్పవు. అవి 5 సెంటీమీటర్లకూ 20 సెంటీమీటర్లకూ దాదాపు ఒకటే. కాబట్టి ఒకసారి పని మొదలుపెట్టాక పలుచని పొరతో సరిపెట్టడమే నష్టం. నా అభిప్రాయంలో ఆ రోజుల పొదుపులో పెద్ద పొరపాట్లు ఇక్కడే జరిగాయి.

అసలైన మలుపు మరొక వైపు నుంచి వచ్చింది. 1977లో కెనడాలోని రెజైనా నగరంలో ఒక ప్రయోగ గృహం కట్టారు. సుమారు 30 సెంటీమీటర్ల మందమున్న గోడలతో, గాలి చొరబడకుండా కట్టిన ఆ ఇంట్లో మామూలు కొలిమి పెట్టలేదు. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరం, క్రానిష్‌టైన్ పేటలో వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ ఆధ్వర్యంలో నాలుగు ఇళ్ల వరస పూర్తయింది. గోడలకు 27.5 సెంటీమీటర్ల థర్మాకోల్, పైకప్పుకు సుమారు 45 సెంటీమీటర్ల ఉన్ని వేశారు. కెల్విన్ పద్ధతిలో లెక్కిస్తే ఇది మితిమీరిన మందం. ఫైస్ట్ వాదన వేరు: వేడి అవసరం బాగా తగ్గితే పెద్ద తాపన యంత్రం, దాని గొట్టాలు, రేడియేటర్లు చాలావరకు అక్కరలేదు, ఆ డబ్బును కూడా లెక్కలో కలపండి అన్నాడు. అలా కలిపితే ఖర్చు పెరుగుతూ పోయిన గీత ఒక చోట కిందికి దిగుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ మొదటి ఇళ్లకు ఖర్చు ఎక్కువే అయింది. అదనపు వ్యయంలో కొంత హెస్సే రాష్ట్ర ప్రభుత్వం భరించింది. ఏడాదికి చదరపు మీటరుకు 15 యూనిట్లకు మించి వేడి అక్కరలేని ఇల్లు అనే ‘పాసివ్ హౌస్’ ప్రమాణం అక్కడి నుంచే వ్యాపించింది.

మన దగ్గర ఈ మందాలు అనవసరం. జర్మనీ శీతాకాలంలో లోపలికీ బయటికీ 30 డిగ్రీల తేడా ఉండవచ్చు. మే నెలలో హైదరాబాదులో ఏసీ గదికీ బయటికీ ఉండే తేడా సుమారు 15 డిగ్రీలే. మనల్ని బాధించేది ఎండలో కాలే స్లాబు. నివాస గృహాల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత, పైకప్పు చదరపు మీటరుకు, డిగ్రీకి 1.2 వాట్లకు మించి వేడిని రానివ్వరాదని చెబుతుంది. మామూలు కాంక్రీటు స్లాబుపై సుమారు 2 సెంటీమీటర్ల మంచి ఉష్ణబంధకం ఉంటే ఆ హద్దులోకి రావచ్చు.

ఇంత పలుచని పొర కూడా మన డాబాలపై అరుదుగానే కనిపిస్తుంది. మీరు అద్దె ఇంట్లో ఉంటే దీనికి కారణం ఊహించగలరు. పొర వేయించాల్సింది ఇంటి యజమాని, కరెంటు బిల్లు కట్టేది అద్దెదారు. ఒకే జేబులో ఖర్చునూ ఆదానూ చూసిన కెల్విన్ సమీకరణంలో ఈ ఇద్దరికీ చోటు లేదు.