కోరంగి రేవు

గడచిన సంక్రాంతికిఁ గాకినాడలో శిష్యుఁడొకని యింట నతిథినై యుంటిని. కనుమనాఁడు కాకియుఁ గదలదందురు గావున, మఱునాఁడు వారితోఁ గోరంగి మడయడవికిఁ బోయితిని.

పడవ సాగుచుండఁగా, "మా పూర్వు లిచ్చటనే రంగూనోడ యెక్కిరఁట" యని శిష్యుని తల్లి పలికెను.

"ఐన రేవేది, తాతగారూ?" యని మనుమఁడు నన్నడిగెను.

నేను బురదఁ జూపితిని. ఒకప్పు డిచ్చట నోడలఁ గట్టిరి. బర్మావారు తెలుఁగువారిని గోరంగీలనిరి. 1789 డిసెంబరులో మూఁడు మహాతరంగములు వరుసగాఁ బట్టణముపైఁ బడినవి. 1839 నవంబరులో మరల నుప్పెన వచ్చినది. గోదావరి యొండ్రు రేవును బూడ్చినది. ఆ యొండ్రునందే మడచెట్లు వేళ్లూని, నేఁడు కెరటముల వేగము నడ్డుచున్నవి.

రేవును దైవము గొనిపోయినది. దాని చోట మొలచిన కంచెను మనచేతులతో మనము నఱకకుందుము గాక!