కూతురి పెళ్లి, తల్లి మాట

నేలకొండపల్లిలో విరాటరాజు గద్దె అని పిలిచే దిబ్బ ఉంది. తవ్వకాల్లో ఈ ఊళ్లో బయటపడినవి బౌద్ధ స్తూపం, విహారాల ఆనవాళ్లు, బుద్ధ విగ్రహాలు. ఊరివాళ్ల నమ్మకంలో మాత్రం పాండవులు అజ్ఞాతవాసం చేసిన విరాటనగరం ఇదే. ఆ నమ్మకం ప్రకారం ఉత్తరకూ అభిమన్యుడికీ పెళ్లి జరిగిన ఊరు కూడా ఇదే. ఆ పెళ్లి ఇద్దరు మగవాళ్ల మధ్య కుదిరింది. విరాటుడు కూతుర్ని అర్జునుడికి ఇస్తానన్నాడు. ఆటపాటలు నేర్పిన పిల్ల బిడ్డతో సమానమని అర్జునుడు ఆమెను కోడలిగా చేసుకున్నాడు. ఉత్తర తల్లి సుదేష్ణ ఈ సంబంధాన్ని తేల్చినవాళ్లలో లేదు. అయితే తోడబుట్టిన కీచకుడి కోసం సైరంధ్రి వేషంలోని ద్రౌపదిని అతని ఇంటికి పంపి, కథను మలుపు తిప్పిన మనిషే ఆమె.

పెళ్లి తంతులోనూ తల్లి పాత్ర అంతంత మాత్రమే. తండ్రి వరుడి కాళ్లు కడుగుతుంటే పక్కన చెంబుతో నీళ్లు పోయడం ఆమె వంతు. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, కట్టించిన భద్రాచలం ఆలయంలో ఏటా శ్రీరామనవమికి జరిగే కల్యాణంలో సీతమ్మకు మూడు మంగళసూత్రాలు కడతారు. ఒకటి దశరథుడి పేర, ఒకటి జనకుడి పేర, మూడోది రామదాసు పేర. తల్లి పేర సూత్రం లేదు.

తల్లి మాట చెల్లే చోటు పీటల మీద కాదు, సంబంధం ఎంచుకునే దగ్గర. తెలుగునాట ఆ మాటకు బలమిచ్చిన ఆచారం మేనరికం. అన్నదమ్ముల కొడుకులకో, చాలా కులాల్లో సొంత తమ్ముడికో పిల్లనిస్తే తల్లికి పుట్టింటి బంధం తెగదు. కూతురు తెలిసిన ఇంటికే వెళ్తుంది. అయితే భర్త తోబుట్టువుకూ అదే హక్కు ఉంది. పిల్ల మేనమామ వైపు వెళ్లాలా, మేనత్త వైపు వెళ్లాలా అన్న పోరు ఎన్నో ఇళ్లలో నడిచింది.

ఆ పోరును శశిరేఖా పరిణయం కథ చెప్పినంత సూటిగా మరే కథా చెప్పలేదు. వ్యాసభారతంలో లేని ఈ కథ నాటకాల ద్వారా ఊరూరా తిరిగింది. 1957లో ‘మాయాబజార్’ సినిమాగా ఇంటింటికీ చేరింది. చిన్ననాడే శశిరేఖను మేనత్త సుభద్ర కొడుకు అభిమన్యుడికి అనుకున్నారు. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకోగానే తల్లి రేవతి అడ్డం తిరిగింది. ఆస్తి లేని ఆడబిడ్డ ఇంటికి పిల్లనివ్వడం ఆమెకు ఇష్టం లేదు. దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడి సంబంధం నచ్చింది. తండ్రి బలరాముడంతటివాడు ఇచ్చిన మాట తప్పాడు. రేవతిని డబ్బుకు ఆశపడిన మనిషిగానే ప్రేక్షకులు గుర్తుపెట్టుకున్నారు. కానీ ఒక పెళ్లిని తల్లి ఎంత దూరం మళ్లించగలదో ఇంత స్పష్టంగా చూపిన పాత్ర ఇంకొకటి లేదు.

గురజాడ ‘కన్యాశుల్కం’లో తల్లి దీనికి ఎదురు దిక్కున నిలబడుతుంది. విశాఖపట్నం జిల్లాలో విజయనగరం మహారాజు తీయించిన లెక్కలో మూడేళ్లకు 1,034 కన్యాశుల్కపు పెళ్లిళ్లు తేలాయి. ఆ కాలపు తల్లి వెంకమ్మ. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే విధవ. చిన్నది సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు పద్దెనిమిది వందలకు ఇవ్వబోతున్న భర్తను ఆమె నోటిమాట ఆపలేదు. ఆమె తరఫున రంగంలోకి దిగింది తోడబుట్టిన కరటకశాస్త్రి. మేనమామ అన్న వరస తల్లికి ఎలా ఆయుధమయ్యేదో ఇక్కడ కళ్లకు కడుతుంది.

తొలి తెలుగు కథానికల్లో తల్లి కంటే ముందు మాట్లాడింది భార్య. 1902లో భండారు అచ్చమాంబ రాసిన ‘ధనత్రయోదశి’లో ఇల్లాలు భర్తను దొంగసొమ్ముకు దూరం చేస్తుంది, 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’లో కమలిని భర్తను దారికి తెస్తుంది. ఖమ్మం మీదుగా పారే మున్నేటి ఒడ్డునే ఉన్న పెనుగంచిప్రోలులో పుట్టిన అచ్చమాంబకు పదేళ్లకే పెళ్లయింది. తల్లి మాట కంటే కూతురి చదువే ఆడవాళ్లను గట్టెక్కిస్తుందని, చదువుకుని రచయిత్రి అయిన ఆమె జీవితమే చూపించింది.

ఈ ప్రాంతంలో చట్టం కూడా సరిహద్దు దగ్గర ఆగింది. బాల్యవివాహాలను అడ్డుకునే 1929 నాటి శారదా చట్టం బ్రిటిష్ ఇండియాకే వర్తించింది. భద్రాచలం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో, నేలకొండపల్లి నిజాం రాజ్యంలో ఉన్నాయి. 1955 నాటి హిందూ వివాహ చట్టం రెండు వైపుల హిందువులనూ ఒక గొడుగు కిందికి తెచ్చి, ఆచారంగా ఉన్నచోట మేనరికాన్ని ఒప్పుకుంది. పద్దెనిమిదేళ్లు నిండని పెళ్లికూతురికి సంరక్షకుల సమ్మతి కావాలని, ఆ వరసలో మొదట తండ్రిని, రెండోది తల్లిని పెట్టింది. 1978లో ఆడపిల్ల పెళ్లి వయసు 18కి పెరిగింది. దాంతో ఆ సెక్షనే తొలగిపోయింది. అప్పటి నుంచి కూతురి పెళ్లికి తండ్రి సమ్మతి గానీ, తల్లి సమ్మతి గానీ చట్టం అడగడం లేదు.