కిటికీ లేని ఇల్లు

మన తాతల గడ్డి ఇళ్లలో చాలావాటికి కిటికీలు లేవు. బయటివాళ్లు చూసి గాలాడదన్నారు. కానీ పొయ్యి పొగ తడికె సందుల్లోంచి, కప్పు గడ్డిలోంచి మెల్లగా పోయేది. పోతూ పోతూ పైన వేలాడదీసిన విత్తనపు కంకులను పురుగు నుంచి కాచేది. ఆ పొగకు మన అవ్వల కళ్లు మండిన మాటా నిజమే.

యూరప్‌లో ఒకప్పుడు జ్వరాలు చెడుగాలితో వస్తాయని రాత్రిళ్లు కిటికీలు మూసేవారు. ఇటలీ భాషలో మలేరియా అంటే చెడుగాలే. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. అప్పటినుంచి గాలి మీద నింద పోయి దోమ మీదికి వచ్చింది.

ఇప్పుడు కాలనీ ఇళ్లకు స్లాబు వేశారు. పొగ పోవడానికి మిగిలింది కిటికీ, తలుపే. పొద్దుగూకే వేళ వంటకని అమ్మ కిటికీ తెరుస్తుంది. దోమలు వచ్చేదీ అప్పుడే. నేను వెళ్లి మూస్తాను.