మన ఊళ్ళ చరిత్ర – 11 : వేట పోగులు



ఈసారి ఉప్పు కొటార్ల గురించి రాస్తానని కిందటి భాగంలో మాటిచ్చాను. మధ్యలో ఒక ఫొటో వచ్చి పడింది. ఉప్పు ఎక్కడికీ పోదు, ముందు దీని సంగతి చూద్దాం.

గుడివాడ దగ్గరి కుర్రాడొకడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో చదువుకుంటున్నాడు. మన హాస్టల్ ఉద్యమాల్లో తిరిగినవాడే. వాడి తోటి విద్యార్థి ఒకతను జింకల వేటకి తీసుకెళ్ళాడట. ఫొటో పంపాడు. మంచులో ఒక చెక్క ఇల్లు, ముందు చెట్టుకి వేలాడదీసిన జింక, పక్కన అయిదుగురు మగవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని నవ్వుతున్నారు. అక్కడ ఏటా నవంబర్ 15న తుపాకీ వేట మొదలవుతుంది. కొన్ని ఊళ్ళలో ఆ రోజు బడులకి సెలవు కూడా ఇస్తారు. తాత కట్టిన వేట గుడిసెకి కొడుకులూ మనవలూ ఏడాదికోసారి చేరతారు. ఒకడు వండుతాడు, ఒకడు కట్టెలు కొడతాడు, రాత్రిళ్ళు పొయ్యి చుట్టూ కూచుని పాత వేటల కబుర్లు చెప్పుకుంటారు. ఎవరి గుండు తగిలినా మాంసం అందరూ పంచుకుంటారట.

కింద వాడి ప్రశ్న: "అన్నా, మన వైపు ఇట్టాంటివి ఉండేవా? మన తాతలు వేటకెళ్ళేవాళ్ళా?"

వెళ్ళేవాళ్ళు తమ్ముడూ. కాకపోతే మన వైపు వేటలు రెండు రకాలు. ఒకదానికి ఫొటోలున్నాయి. రెండోదానికి లేవు.

ముందు ఫొటోలున్న దాని సంగతి. బందరులో ఇంగ్లీషు వాళ్ళు 1611లో కోఠీ పెట్టారు. వ్యాపారానికి వచ్చినవాళ్ళు పాలకులయ్యాక వాళ్ళ ఆఫీసర్లకి షికారు ఒక వ్యసనమూ, ఒక హోదా కూడా. ఆనకట్ట 1855కి పూర్తయి డెల్టా అంతా వరిమడి అయ్యాక బురద పొలాల్లో దిగే ఉల్లంకి పిట్టలు, బాతులు వాళ్ళ తుపాకులకి దొరికాయి. దొరలు రాసుకున్న షికారు పుస్తకాలు చదవండి. ఏ తుపాకీ, ఏ గుండు, ఎన్ని పిట్టలు పడ్డాయి, రాత్రి డేరాలో ఏం తిన్నారు, అన్నీ ఉంటాయి. తెల్లారగట్ల బురదలో దిగి పిట్టల్ని లేపినవాళ్ళ పేర్లు మాత్రం ఉండవు. డేరా మోసినవాడు కూలీ, పిట్టను ఏరుకొచ్చినవాడు కుర్రాడు. అంతకు మించి ఒక్క ముక్క దొరకదు.

1878లో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు తుపాకీ పట్టాలంటే లైసెన్సు కావాలి, తెల్లవాడికి అక్కర్లేదు. లైసెన్సు ఎవరికిస్తారో వేరే చెప్పాలా? జమీందారుకి, పెద్ద కామందుకి, ఊరి పెత్తందారుకి. అంతకుముందు బల్లెంతోటీ వలతోటీ కుక్కతోటీ వేటాడిన మనుషులు అప్పట్నించీ తుపాకీ ఉన్నవాడి ముందు నడిచే మనుషులయ్యారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవిలోకి వెళ్ళడానికే అనుమతి కావాల్సి వచ్చింది. వేట దొరకి ఆట అయింది, మనకి వెట్టి అయింది.

మా తాత అట్లా ముందు నడిచినవాడే.

మాది దివిసీమలో మాదిగపల్లె. తాత డప్పు కొట్టేవాడు. కృష్ణ పాయల మధ్య లంకల్లో అప్పట్లో రెల్లు దుబ్బులు మనిషెత్తు పెరిగేవట. అందులో పందులు. రాత్రిళ్ళు చేల మీద పడి చెరుకూ దుంపా తవ్విపోసేవి. కామందు వేటకి బయల్దేరాడంటే ముందు రోజు సాయంత్రం పల్లెలోకి కబురొచ్చేది. ఇంటికొక మగాడు రావాలి. కూలి లేదు. మాలపల్లె వాళ్ళు ఒక వైపు నుంచి, మాదిగపల్లె వాళ్ళు ఒక వైపు నుంచి డప్పులు కొట్టుకుంటూ, కేకలేసుకుంటూ, కర్రలతో దుబ్బుల్ని బాదుకుంటూ పందిని అవతలి గట్టు మీదికి తోలాలి. అక్కడ మంచె మీద కామందూ ఆయన చుట్టాలూ తుపాకులతో కూచునుంటారు.

పంది ఎప్పుడూ తుపాకీ వైపే పరిగెత్తాలని రూలేం లేదు కదా. వెనక్కి తిరిగితే ఎదురొచ్చేది డప్పు పట్టుకున్నవాడికే. మా తాత కుడి తొడ మీద జానెడు మచ్చ ఉండేది. చిన్నప్పుడు ఆ మచ్చ మీద వేలు పెట్టి "ఏంది తాతా ఇది?" అంటే "కామందు గురి" అనేవాడు. చాలా ఏళ్ళకి గానీ నాకు ఆ మాటలోని ఎత్తిపొడుపు అర్థం కాలేదు.

ఆ ఇంటి వసారాలో ఆనాటి వేట ఫొటో ఒకటుంది. పెద్దయ్యాక ఒక పని మీద వెళ్ళి చూశాను. చచ్చిన పంది మీద కాలు పెట్టి కామందు, పక్కన ముగ్గురు, కింద నలుగురి పేర్లూ అందంగా రాసి ఉన్నాయి. ఎడమ అంచున సగం తెగిపోయిన మనిషి, మెడలో డప్పు. మా తాతే అని గట్టిగా చెప్పలేను. ఆ పల్లెలో డప్పు కొట్టేవాళ్ళు ఇంకా నలుగురున్నారు. మా ఇళ్ళల్లో పోల్చి చూసుకోడానికి ఇంకో ఫొటో లేదు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో కాయితం ముక్క మిగల్లేదు. ఉప్పెనకి ముందు మాత్రం మన దగ్గర ఎన్ని ఫొటోలున్నాయి గనక.

తాత కథలో నన్ను పట్టుకున్నది దెబ్బ కాదు, ఆ సాయంత్రం జరిగింది. తొడలూ రొమ్ము మాంసమూ కామందు ఇంటికీ చుట్టాలిళ్ళకీ పోయాయి. తోలినవాళ్ళకి తలకాయ, కాళ్ళు, పేగులు, ఇంత కొవ్వు. అవి కాలవ గట్టుకి తెచ్చుకుని తాటాకులు పరిచి పోగులేశారు. మాంసం పంచడం చూసినవాళ్ళకి తెలుసు, పోగులెయ్యడం పెద్ద పని. ఒక్కొక్క పోగులో అన్నిట్లోంచి కాస్త కాస్త పడాలి. కొవ్వు ఒకడికి, ఎముక ఒకడికి అయితే రేపు పల్లెలో ముఖాలు చూసుకోలేరు. పోగులేసినవాడు చివర్న తీసుకుంటాడు. మా తాత ఆ రోజు దెబ్బ తగిలి సగంలోనే మంచానపడ్డాడు. అయినా ఆయన పోగు ఇంటికొచ్చింది. మొగుడు పోయిన ఒకావిడ తన పన్నెండేళ్ళ కొడుకుని పంపింది. ఆ పిల్లాడికీ మగాడి పోగే ఇచ్చారు. ఆ రాత్రి గట్టు మీద మంట చుట్టూ కూచుని కామందు గురి ఎన్నిసార్లు తప్పిందో చెప్పుకుని నవ్వుకున్నారట. మిషిగన్ కుర్రాళ్ళ పొయ్యి దగ్గర ఉన్నదే కాలవ గట్టు మీదా ఉంది. కాకపోతే వాళ్ళ గుడిసెలో పంది తొడ వేరేవాడి ఇంటికి పోదు.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే మీరంతా లైకులు కొడతారు. కానీ అసలు రాయాల్సింది ఇంకోటుంది. అది మనకి అంత ఇష్టంగా ఉండదు.

మన డెల్టాలో ఏ కామందూ పిలవకుండా, తన కోసం తాను వేటాడినవాడు యానాది. జింక కాదు, పందికొక్కు. (కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. మొన్న ఒక విద్యార్థి ఆ పేరు మన కృష్ణానది వల్ల వచ్చిందనుకున్నాడు. కాదమ్మా, కృష్ణ అంటే నలుపు. చూడాలంటే నంద్యాల వైపు రోళ్ళపాడు వెళ్ళాలి.)

సార్వా కోతలయ్యాక యానాదులు కుటుంబాలతో సహా వచ్చి కాలవ గట్ల మీద దిగేవాళ్ళు. నాలుగు గెడలు, పైన తాటాకు, అంతే ఇల్లు. కొన్ని రోజులు ఒక ఊరి చేలల్లో, తర్వాత ఇంకో ఊరు. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్స్టన్ ఏడు సంపుటాల కులాల పుస్తకంలో ఈ వేట వర్ణన ఉంది. మనుషుల ముక్కులు కొలిచి జాతులు తేల్చిన ఘనుడాయన. అయినా ఈ పని మాత్రం సరిగ్గా రాసిపెట్టాడు, పేరుతో సహా: ఊదర పెట్టడం. కుండలో గడ్డి కూరి నిప్పు పెడతారు. కుండ మూతిని కలుగుకి ఆనించి, కుండకున్న చిన్న బెజ్జంలోంచి ఊదుతారు. పొగ లోపలికి పోతుంది. ఊపిరాడక కొక్కులు మిగతా కలుగుల్లోంచి బయటికొస్తాయి. అక్కడ కర్రలతో మనుషులుంటారు.

నేను కళ్ళారా చూసింది కూడా అదే. ఊదేది ఒకళ్ళు, ఎక్కువగా ఆడవాళ్ళు. పొగకి కళ్ళు ఎర్రబడతాయి, ఆపకూడదు. గట్టుకి చెవి ఆనించి లోపల ఎటు పరిగెడుతుందో చెప్పే ముసలాయన ఒకడు. చిన్న కలుగుల్ని మట్టితో మూసేది పిల్లలు. కర్ర పట్టేది కుర్రాళ్ళు. తర్వాత గునపం పెట్టి తవ్వితే లోపల అరల్లో కొక్కు దాచుకున్న వరి కంకులు. అవి చాటలోకి. వేట మాంసమూ తిండి గింజలూ ఒకే గోతిలో దొరికేవి. పంచేటప్పుడు ఊదిన మనిషికీ తవ్విన మనిషికీ చెవి పెట్టిన ముసలాయనకీ తేడా లేదు. కలుగు మూసిన పిల్లలకీ వాటా ఉంది. గడ్డి మంట మీద బొచ్చు కాల్చి, కడిగి, అక్కడే కూర. తిన్నాక ముసలాయన ఫలానా ఊరి గట్టులో ఎన్ని కలుగులుండేవో, ఏ ఏడు ఎంత ధాన్యం దొరికిందో వరసగా చెప్పుకొచ్చేవాడు. అది వాళ్ళ రికార్డు.

దీని మీద కూడా కామందుకి ఏడుపే. గట్టు పాడయిందంటాడు, కంకులు నావంటాడు. కొక్కు తింటే కొక్కుది, యానాది తవ్వితే మాత్రం కామందుది! ఇంకోపక్క కొక్కుల బాధ ఎక్కువైతే అదే యానాదిని పిలిచి బుట్టలు పెట్టించి తోకకింత అని లెక్క కడతాడు.

నేను ఇదంతా చూడగలిగింది మా క్లాసులో చదివిన ఒక యానాది కుర్రాడి వల్ల. పేరు రాయను. బడిలో మమ్మల్ని పెద్దకూర తినేవాళ్ళని ఏడిపించేవాళ్ళు. మా బల్ల వేరు, మా గ్లాసు వేరు. ఆ అవమానం నాకు తెలుసు. తెలిసి కూడా వాడిని నేను "ఎలకలోడా" అని పిలిచాను. ఒకసారి కాదు, ఏడాదంతా. మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వు నా మీద నుంచి వాడి మీదికి మళ్ళిందని నాకు సంతోషంగా ఉండేది. అయినా వాడే ఒక శనివారం నన్ను గట్టు మీదికి తీసుకెళ్ళాడు. వాళ్ళ నాన్న నన్ను పక్కన కూచోబెట్టుకుని "తింటావా అబ్బాయ్, బలవంతం లేదు" అన్నాడు. తిన్నాను. బావుంది. సోమవారం బడిలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వాడూ చెప్పలేదు. ఏడో తరగతి మధ్యలో వాడు బడి మానేశాడు.

అంబేడ్కర్ 1948లో రాసిన 'అంటరానివారు' పుస్తకంలో తిండికీ అంటరానితనానికీ ఉన్న లంకె చూపించాడు. స్టడీ సర్కిళ్ళలో ఆ అధ్యాయం నేనే ఎన్నోసార్లు చెప్పాను. బీహార్లో ముసహర్ల పేరులోనే ఎలుకను తగిలించారని, ఆ కులం నుంచి 2014లో ఒకాయన ముఖ్యమంత్రి అయ్యాడని కూడా చెప్పేవాణ్ణి. మా క్లాసు కుర్రాడి సంగతి మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. మన పల్లెల్లో ఇవాళ్టికీ యానాది గుడిసె మన వాడకి అవతలే ఉంటుంది. అది కామందు పెట్టిన గీత అని తప్పించుకోలేం. మనం చెరిపింది కూడా లేదు.

ఆ వేట ఏమైంది? 1871 నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. తర్వాత నెల్లూరు వైపు యానాదుల్ని కూడా ఆ జాబితాలోకి ఎక్కించారు. గుంపుగా కదిలితే దొంగలన్నమాట. వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్ళు దాని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. పోలీసు అనుమానం మాత్రం రద్దు కాలేదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చి దొరల షికారుని ఆపింది, మంచిదే. ఎలుకల్ని మాత్రం ఎవరైనా చంపొచ్చని వేరే జాబితాలో పెట్టింది. అంటే యానాది వేటని చట్టం ఆపలేదు. ఆపింది విషం మందు, చేపల చెరువు. మందు పెట్టిన చేలో కొక్కుని తింటే మనిషికి ప్రమాదం. గుడివాడ నుంచి కొల్లేరు దాకా, ఇటు బందరు నుంచి నాగాయలంక దాకా మడులు చెరువులయ్యాయి. సముద్రపు ఒడ్డున చట్టానికి విరుద్ధంగా తవ్విన రొయ్యల చెరువుల్ని తీసెయ్యమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినా చెరువులు తగ్గింది లేదు. చెరువుకి రాత్రి కాపలా కావాలి. చీకట్లో నీటి అలికిడి వినగలిగినవాడు, బురదలో జారకుండా నడవగలిగినవాడు ఎవరు? గట్టుకి చెవి ఆనించినవాడి మనవడే. అడ్వాన్సు అని ఇంత చేతిలో పెట్టి, ఆ అప్పు తీరేదాకా చెరువు గట్టు మీద గుడిసెలో మొగుడూ పెళ్ళాన్నీ పిల్లల్నీ ఉంచేస్తారు. వేటకి దిగిన గుడిసె కొన్నాళ్ళకి కదిలేది. ఈ గుడిసె కదలదు.

మిషిగన్ తమ్ముడికి ఇదంతా ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నా, మా ఊరి చివర చెరువు మీద కూడా ఒక కుటుంబం ఉండేది, వాళ్ళ పేర్లు నాకు తెలీదు" అన్నాడు. వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి అడుగుతానన్నాడు.

మీ తాతలు వేట తోలడానికి వెళ్ళి ఉంటే, మీ ఇంట్లో ఆ కబుర్లు చెప్పేవాళ్ళు ఇంకా ఉంటే, ఎవరు ఏ పని చేసేవాళ్ళో, పోగులు ఎవరు వేసేవాళ్ళో అడిగి రాసి పంపండి. యానాది మిత్రులు ఎవరైనా చదువుతుంటే, నేను తప్పుగా రాసింది దిద్దండి. వచ్చే భాగంలో ఉప్పు కొటార్లు.